పెద్దవాళ్లకు ఫ్రీ

పగుళ్లొచ్చి ఆరేళ్లు మూతపడ్డ మా పార్కు టవర్‌ను బాగుచేసి, మొదటి రోజు ముసలివాళ్లనే ఎక్కించాడు మేనేజర్ మహేందర్. టికెట్ లేదు, పైగా బాదంపాలు.

ఇరవై మందిమి పైకెక్కాం. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి. కాళ్ల కింద ఇనుపరేకు కిర్రుమంది.

“కూలితే మనందరి దినాలు ఒక్కరోజే,” అన్నాను.

“నోరు ముయ్యి అక్కా!” పక్కనున్న మరియమ్మ నా మోచెయ్యి పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

కింద మైకులో మహేందర్: “అవ్వా, అందరు ఒక్క మూలకు జరుగుండ్రి. ఫొటో!”

జరిగాం. టవర్ ఊగింది.

“ఇగ జర ఎగురుండ్రి, వీడియో మంచిగొస్తది.”

“మోకాళ్లు నువ్విస్తవా నాయినా?” అని అరిచాను. అయినా ఎగిరాం.

కిందికి దిగేసరికి మహేందర్ ఫోన్‌లో చెబుతున్నాడు: “ఇరవై మంది ఎగిరినా ఏం కాలె సార్. రేపు మంత్రి సార్‌ను ఎక్కియ్యొచ్చు.”