హీరో వంతెన దగ్గరున్నాడు

కథ మంచి పట్టులో ఉండగా తెర మీద బొమ్మ ఆగిపోయి, హాల్లో లైట్లు వెలిగాయి.

బుకింగ్ గదిలో మర్నాటి టికెట్ల మీద ముద్ర వేస్తున్న ఆవిడ ఉలిక్కిపడింది. మ్యాట్నీ మధ్యలో బొమ్మ ఆగితే ఈ ఊరి జనం ఊరుకోరు. వెనక ఒకసారి రీలు రావడం ఆలస్యమైతే కుర్చీలు విరిగాయి, గేటు మనిషి తల పగిలింది.

ఈలలు మొదలయ్యేలోపే మైకులో భర్త గొంతు వినిపించింది.

"అందరూ కాస్త వినండి. ఈ సినిమా హీరో మన ఊరి మీదుగా వెళ్తుంటే కారు పాడైంది. వంతెన దగ్గర చెట్టు కింద కూర్చున్నాడు. వరసలో నడిచి వచ్చినవాళ్లకే చెయ్యి కలుపుతాడట. తోసుకుంటే లేచి వెళ్లిపోతానన్నాడు. ముందు పిల్లల తల్లులు కదలండి. సైకిళ్లు ఇక్కడే ఉండనివ్వండి."

ఉన్న ఒక్క ఫోనూ ఆవిడ బల్ల మీదే ఉంది. పొద్దుటి నుంచీ అది మోగలేదు. ఆయన హాలు గడప దాటలేదు. హీరో సంగతి ఆయనకు ఎవరు చెప్పినట్టు?

ఇంకెవరైనా చెబితే జనం నవ్వేసేవాళ్లే. చెప్పింది నిజాలయ్య. ఊరు ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయింది. "సినిమా ఎలా ఉంది మావయ్యా?" అని టికెట్ కొనబోయేవాడు అడిగితే, "ఇంటర్వెల్ దాకా పర్లేదు, తర్వాత నిద్రొస్తుంది" అనే మనిషి. పిల్లనిచ్చే ముందు హాలు చూడ్డానికి వచ్చిన మామగారితో, "నాన్న ధాన్యం గోదామును సినిమా హాలు చేశాడు. ఎలుకలకి ఆ సంగతి ఇంకా తెలీదు" అన్నవాడు.

జనం లేచారు. ఆవిడ కిటికీలోంచి హాలు తలుపుల వైపు చూసింది. ఒకప్పుడు ఎవడో ఆకతాయి చీకట్లో "పాము" అని అరిచాడు. పాము లేదు, పాడూ లేదు. ఆ ఇరుకు తలుపుల దగ్గర తొక్కిసలాటలో పంతులుగారి చెల్లెలు నలిగి చచ్చిపోయింది. ఇప్పటికీ ఆ తలుపు దాటేటప్పుడు తల్లులు పిల్లల్ని చంకనెత్తుకుంటారు.

ఈసారి మాత్రం ఎవరూ తోసుకోలేదు. బడి పిల్లల్లా వరస కట్టారు. మంగలి జేబులోంచి దువ్వెన తీసి అడిగినవాళ్లకల్లా ఇస్తున్నాడు. "ఈ చెయ్యి ఇక వారం దాకా కడగను" అంటోంది దర్జీ పెళ్లాం.

అందరూ వెళ్లాక ఆయన బయటికొచ్చాడు. ఆపరేటర్ని, గేటు మనిషిని ముందే పంపేశాడు. మరుగుదొడ్ల తలుపులు కూడా కొట్టి చూసి వచ్చాడు. పెదాల్లో నెత్తురు చుక్క లేదు. భుజాల మీద సున్నం పొడి. ఆవిడ దులపబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమండీ, ఫోనే రాలేదు కదా. హీరో ఏంటి?"

"హీరో లేడు, ఎవడూ లేడు. నువ్వు నడు."

"లేడని తెలిస్తే చంపేస్తారండీ."

"చంపనీ. ముందు నడు."

ఆవిడ తాళం కోసం వెనక్కి తిరిగింది. ఆయన రెక్క పుచ్చుకుని రోడ్డు మీదికి లాగాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అంత మోటుగా చెయ్యి వెయ్యలేదు. ఈ మనిషికి మతి చలించిందనుకుంది. దారి పొడుగునా ఆవిడ తాళం వెయ్యని హాలు వైపు తిరిగి చూస్తూనే ఉంది.

వంతెన దగ్గర చెట్టు కింద ఓ మేక నెమరేస్తోంది. ఇంకెవరూ లేరు.

"మావయ్యా, హీరో ఏడీ?" అన్నాడు మంగలి.

"రాలేదు."

"వచ్చాడన్నావుగా?"

"అబద్ధం చెప్పాను."

ఆ మాట ఆయన నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. కాసేపు నవ్వాలో కోప్పడాలో ఎవరికీ తెలియలేదు. తర్వాత వెనక నుంచి ఎవరో, "పదండి, మిగతా సినిమా అయినా చూద్దాం" అన్నారు. జనం హాలు వైపు తిరిగారు.

ఆయన పరుగెత్తి రోడ్డుకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"ఎవరూ వెనక్కి వెళ్లొద్దు. నా మాట నమ్మండి. నిజం చెబుతాను..."

"ఇంకా నీ నిజమేంటయ్యా?" లారీ డ్రైవర్ ఆయన కాలరు పట్టుకున్నాడు. "ఇంతమందిని వెర్రివెధవల్ని చేసి ఎండలో నడిపిస్తావా?"

ఆయన పెదాలు కదిలాయి. ఆ గోలలో మాట వినపడలేదు. ఎవరో తోశారు. కింద పడ్డాడు. లేచి మళ్లీ చేతులు చాచాడు. మోచెయ్యి దోక్కుపోయి నెత్తురు కారుతోంది.

ఆవిడ అడ్డం వెళ్లింది. "ఆయనకి ఒంట్లో బాగాలేదు బాబూ. మీ కాళ్లు పట్టుకుంటాను, వదిలెయ్యండి."

ఆయన ఆవిడ భుజం మీదుగా జనంలోకి వెతుకుతున్నాడు. "బాల్కనీలో కూర్చున్న ముసలమ్మ వచ్చిందా? చూడవే."

"ఇక్కడే ఉన్నాను నాయనా" అంది వెనక నుంచి ముసలమ్మ.

ఆ మాట విని ఆయన రోడ్డు మీదే కూలబడ్డాడు. అదే అదనుగా ఒకడు వంతెన పక్కన పోసిన కంకరలోంచి రాయి తీసి చెయ్యెత్తాడు. ఆవిడ భర్త తలను పొట్టకు అదుముకుని గట్టిగా కళ్లు మూసుకుంది.

రాయి పడలేదు కానీ కాళ్ల కింద నేల అదిరింది, ఆవిడ కళ్లు తెరిచేసరికి ఎత్తిన చెయ్యి అలాగే ఉంది, అందరూ ఊరి వైపే చూస్తున్నారు, సినిమా హాలు పైకప్పు ఉండాల్సిన చోట ఆకాశంలోకి లేస్తున్న దుమ్ము తప్ప ఇంకేమీ లేదు.