బోర్డెక్కిన రాధాబాయి

మళ్లీ మజీదా!

బస్సు దిగిన రాధాబాయి చేతిసంచీ అక్కడే దించేసి, ఎదురుగా ఆగిన కొత్త ఆటో వెనక రాసింది చదివింది. "డయాలసిస్ పేషెంట్లకు ఉచితం. మజీదా బేగం పేరిట."

మొన్న మంచినీళ్ల మిషన్ మీద మజీదా. నిన్న కుట్టుమిషన్ల సెంటర్ మీద మజీదా. ఇవాళ ఆటో ఎక్కింది మజీదా. రాధాబాయి కడుపులో భగ్గుమంది. జెలుసిల్ తాగితే చల్లారడానికి అది ఎసిడిటీ కాదు, జెలసీ.

ఇంటికి వస్తూనే మొగుడి మీద పడింది.

"ముష్తాక్ భాయ్‌ని చూసి నేర్చుకోండ్రి. ఆయన బీబీ పేరు లేని గల్లీ ఉన్నదా ఛత్రినాకల? నా పేరేడున్నది? గ్యాస్ బుక్కు మీద గూడ మీ పేరే!"

వామన్‌రావు పేపరు మడిచాడు. "బ్యాంకుల నామినీ నువ్వే గదనే."

"అది మీరు పోయినంక గదా!"

కంచన్‌బాగ్ క్వార్టర్సు ఖాళీ చేసి వాళ్లు ఛత్రినాకలో దిగింది మొన్న మొన్ననే. చుట్టుపక్కల మొహాలే ఇంకా సరిగ్గా తెలియవు. తెలిసిందల్లా ఆ పేటవాళ్లంతా కలిసి నడిపే ఇలాఖా నిధి ఒక్కటే. పూలమ్మే ఆగమ్మ నుంచి, అఫ్జల్‌గంజ్‌లో హోల్‌సేల్ దుకాణం ఉన్న ముష్తాక్ దాకా ఎవరికి తోచింది వాళ్లు అందులో వేస్తారు. నీకేది ఇష్టమని అక్కడ ఎవరూ అడగరు. ఇలాఖాకు ఏది కష్టమని చూస్తారు. నిధి కమిటీ తేల్చిన పనికయ్యే ఖర్చు ఒక్కరే మొత్తం నెత్తికెత్తుకుంటే, వాళ్లింటి మనిషి పేరొకటి బోర్డు మీద రాస్తారు.

ముష్తాక్ ప్రతిసారీ ఒకటే పేరు చెబుతాడు.

ఆ పేరుగల మనిషిని మాత్రం రాధాబాయి ఒక్కసారి కూడా చూడలేదు. రిబ్బన్ కటింగులకైనా రాదు.

"గోషా గావచ్చు" అన్నాడు వామన్‌రావు.

"గోషా గాదు, గొప్ప! కూసున్నకాడికే అన్నీ వస్తుంటే ఆ మారాణి బయటికెందుకొస్తది?"

ఓరోజు చాయ్ హోటల్లో వామన్‌రావు ముష్తాక్‌నే అడిగాడు, అన్నిటికీ ఆమె పేరేనా భాయ్ అని. "మజీదా మాట ఎన్నడు కాదనలే భాయ్. ఇప్పుడు కాదంట్నా?" అని నవ్వాడట ముష్తాక్. ఆ ముక్క ఇంటికి మోసుకొచ్చి చెప్పడం వామన్‌రావు చేసిన పెద్ద పొరపాటు.

"విన్నరా? మీరెన్నడన్న నా మాట విన్నరా?"

"వినకుంట ఎట్లుంట? చెవుల దూది పెట్టుకున్నా వినొస్తున్నది."

వామనుడి పేరు పెట్టుకున్నవాడికి చెయ్యి చాపడం వచ్చుగానీ చెయ్యి విదల్చడం ఏం వస్తుంది? దానం మాటెత్తితే ఆయన మహా నిదానం. కానీ ఉప్పులేని పప్పు ఎన్ని పూటలని తింటాడు? చివరికి స్కూటర్ కోసం దాచుకున్నది తీసుకుని నిధి ఆఫీసు మెట్లెక్కాడు.

కంప్యూటర్ ముందు నౌరీన్ అనే అమ్మాయి కూర్చుని ఉంది.

"ఎవరి పేరు రాయాలె అంకుల్?"

"రాధాబాయి. నా భార్య."

నౌరీన్ ఆయన మొహంలోకి చూసింది. "సబర్ చేయుండ్రి అంకుల్. ఓపిక పట్టాలె" అంది మెల్లగా.

"ముప్పై ఏండ్ల సంది అదే చేస్తున్న బిడ్డా."

ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు. లోపలికి వచ్చి చెప్పే ధైర్యం లేదు.

"ఈసారి కమిటీ తేల్చింది... మార్కెట్ల కూరగాయలమ్మే ఆడోళ్లకు బాత్రూములంట."

రాధాబాయి గరిటె ఆగిపోయింది. "మజీదాది నీళ్లు తాగేకాడ. నాది తాగిన నీళ్లు ఇడిసేకాడనా?"

"పొద్దుగూకేదాక బిగబట్టుకొని కూసుంటున్రంట రాధా, పాపం. నీళ్లు తాగుడే బంద్ జేసిన్రంట."

రాధాబాయి గరిటె పక్కన పెట్టింది.

"పేరు పెద్దగ రాస్తరా?"

"రోడ్డవతలికి కనవడ్తది."

"ఆమెదానికంటె?"

"జానెడు ఎక్కువ."

"అయితే కానీయుండ్రి."

బాత్రూములు లేచాయి. బోర్డు మీది తెర తీసే రోజు రానే వచ్చింది. రాధాబాయి నెమలికంఠం రంగు పట్టుచీర కట్టి, తలనిండా మల్లెలు పెట్టుకుని వెళ్లింది. వామన్‌రావును కమిటీవాళ్లు ముందుకు లాక్కుపోయారు. ఆమె వెళ్లి ఆడవాళ్ల కుర్చీల్లో కూర్చుంది.

చుట్టూ చూసింది. ఒక్క మొహంలోనూ నవ్వు లేదు. అన్నీ వేలాడుతున్నాయి.

'ఏడ్వండ్రి, మంచిగ ఏడ్వండ్రి' అనుకుంది. ఇన్నాళ్లూ ఆమె కుళ్లింది. ఇవాళ ఆమెను చూసి కుళ్లేవాళ్లు ఇంతమంది! ప్రాణం లేచి వచ్చినట్టయింది.

ఆగమ్మ వచ్చి వామన్‌రావు రెండు చేతులూ పట్టుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చి ఆయన భుజం తట్టారు. ఇంత మర్యాద ఎన్నడూ ఎరగని వామన్‌రావు తబ్బిబ్బై అందరికీ దండాలు పెట్టాడు.

తెర తొలగింది. రాధాబాయి! రోడ్డవతలికి కనబడేంత పెద్దగా రాధాబాయి! మజీదా కంటే జానెడు ఎక్కువే.

చప్పట్లు కొట్టింది మాత్రం ఆమె ఒక్కతే.

ఆ చప్పుడుకు ముష్తాక్ తిరిగి చూశాడు. ఆమెను ఆయన చూడటం అదే మొదటిసారి. నెమ్మదిగా నడిచి వచ్చి, ఆమె ముందు తల వంచి నిలబడ్డాడు.

"మీరు రాధాబాయమ్మకు ఏమైతరో తెల్వది గాని ఫికర్ చేయకుండ్రి చెల్లే, ఈ బోర్డుల మీద మేం రాసేది పోయినోళ్ల పేర్లే గదా, మా మజీదా లెక్కనే ఆమె గూడ ఈ ఇలాఖాల ఎప్పటికీ బతికే ఉంటది."