పెట్టె మీది పేరు

నాగవేణి భర్తను పడుకోబెట్టిన ఫ్రీజర్ పెట్టె మీద ఎర్ర పెయింటుతో ఆమె పేరే ఉంది.

అత్తిముగం ఆడవాళ్లు తలా కొంత వేసుకుని ఊరికోసం ఏది కొన్నా, దాని మీద వాళ్లలో ఒకరి పేరు రాయడం ఆనవాయితీ. బడి ఫ్యాను మీద, బస్టాపు బెంచీ మీద పేరు కోసం పోటీ పడ్డారు. శవాల పెట్టె కొన్న రోజు మాత్రం అందరూ తలలు దించుకున్నారు.

"నాది రాయండి" అంది నాగవేణి.

ఆ పెట్టె మొట్టమొదట వచ్చింది ఆమె ఇంటికే.

శవాన్ని ఎత్తుకుపోయాక సరోజమ్మ వచ్చింది. చేతిలో థిన్నరు సీసా, పాత గుడ్డ.

"అందరూ నన్ను పంపించినారు నాగవేణమ్మా. ఆ పేరు వల్లనే నీకిట్లయిందని బాధపడతా ఉండారు. తుడిచేస్తాను."

నాగవేణి గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ ఏడుపు రాలేదు. పెట్టె అద్దం మీద చెమ్మ ఇంకా ఆరలేదు. దానివైపే చూస్తూ ఉంది.

సరోజమ్మ గుడ్డ తడిపింది.

"ఉండనీలే అక్కా" అంది నాగవేణి. "ఇది తుడిస్తే ఇంకొకరిది రాయల్ల కదా."