గోధుమరంగు సీసా

“ఈ బిరడా జన్మలో ఊడకూడదక్కా,” అన్నాడు బక్తియార్.

తైపింగ్ బజారులో సల్బియా అంటించిన గాజు ఊడిందన్న మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. కళ్లద్దాలైనా, అత్తరు సీసాలైనా ఆమె బల్ల మీదికే వస్తాయి. బొటనవేలంత గోధుమరంగు సీసాను ఆమె వెలుతురుకు పట్టి చూసింది.

“ఇందులో ఏమీ లేదుగా తమ్ముడూ! గాలి దాచుకుంటావా?”

“అంటించే ముందు నింపుతాం.”

పక్కనే అతని భార్య ముర్ని కూర్చుంది. నిండు గర్భిణి. మనిషి మాత్రం తెల్లగా పాలిపోయింది. వేళ్లన్నిటికీ గుడ్డపీలికలు. వాటిని చూడగానే సల్బియా సీసాను బల్ల మీద పెట్టేసింది. సీసాలో ఉంచి, వేలి నెత్తురుతో సాకే దయ్యాల సంగతి ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

“ఎన్నాళ్ల నుంచే?” అంది మెల్లగా.

“పెళ్లయినప్పటి నుంచీ,” అంది ముర్ని.

“బిడ్డ పుట్టాక ఆ పురిటి నెత్తురు వాసనకి ఆగడం కష్టమక్కా,” అన్నాడు బక్తియార్ తల దించుకుని.

సల్బియా ఇక పరాచికాలాడలేదు. చిటికెలో అంటుకునే జిగురు చెమ్మకి వదిలేస్తుంది. దీపం కింద గట్టిపడే జిగురు వాడదామని ఊదారంగు దీపం వేసింది. బక్తియార్ ముఖం కప్పుకుని గోడదాకా వెళ్లిపోయాడు.

“దీపం వద్దక్కా!”

“ఆర్పేశాలే, హడలిపోకు. అయినా ఈ రంగు గాజులోంచి ఆ వెలుగు దూరదు, సందులో జిగురు పచ్చిగానే ఉండిపోతుంది. రెండు ట్యూబుల జిగురు కలుపుతా. రేపటిదాకా కదపకూడదు. కాస్త వేడి తగిలిస్తే తొందరగా...”

“వేడీ వద్దు,” అంది ముర్ని, భర్త దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంటూ. “మెల్లగానే గట్టిపడనీ.”

సల్బియా గాజును స్పిరిట్‌తో తుడిచి, అట్టముక్క మీద జిగురు కలిపింది.

“కానివ్వండి మరి. ఇది తీగసాగిందంటే ఇక పనికిరాదు.”

“ఒకసారి అటు తిరగక్కా,” అంది ముర్ని.

సల్బియా అల్లాను తలచుకుంటూ అటు తిరిగింది. వెనక ముద్దు పెట్టుకున్న చప్పుడు. ఆ తర్వాత వెక్కిళ్లు.

ఇటు తిరిగేసరికి ముర్ని చేతుల్లో బిరడా పెట్టిన సీసా. అతగాడు కనబడలేదు.

“బాగుంది! నిన్నొదిలేసి పారిపోయాడా నీ మొగుడు?” అని గొణుక్కుంటూ సల్బియా బిరడా చుట్టూ జిగురు రాసింది.

“ఇంకాస్త మందంగా రాయక్కా,” అంది సీసాలోంచి బక్తియార్ గొంతు.