చెదరని చుక్కలు

"ఆ గడ్డను తీసెయ్ సుజనా. రేపు మోడల్ ఇచ్చెయ్యాలె," అన్నాడు ప్రణీత్ తన కుర్చీలోంచే.

సుజన ముందున్న తెర మీద పురానాపూల్ వంతెన చుక్కలు చుక్కలుగా నిలబడి ఉంది. వాళ్లిద్దరూ పనిచేసే ఆఫీసు పాత కట్టడాలను అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీసి, వాటిని కలిపి కంప్యూటర్లో అవే కొలతలతో మళ్లీ కడుతుంది. మరమ్మతు చేసే ఇంజనీర్లకు ఆ కొలతలే ఆధారం. ప్రణీత్ కొన్నాళ్లుగా మధ్యాహ్నం పూట తీసుకొస్తున్న ఫొటోలతో వంతెన బాగానే లేచింది గానీ, రెండు దోషాలు మిగిలాయి. తిన్నగా ఉండాల్సిన పిట్టగోడ అరటిపండులా వంగింది. వంతెన పక్కనున్న ఒడ్డు గోడ మీద, అసలు లేని రాతిగడ్డ ఒకటి మొలిచింది.

"కూరగాయల బండ్లు, మనుషులు అన్నీ ఫిల్టర్‌ల పోయినయ్. ఇదొక్కటే ఎందుకు పోతలేదు?" అంది సుజన.

"కదిలేటివి ఒక ఫొటోల ఉంటయ్, ఇంకోదాంట్ల ఉండయ్. గందుకే ఆ చుక్కలు కలువయ్, పోతయ్. ఇదేందో గానీ కదలకుంట ఉన్నది."

"ఫిల్టర్ ఇంక గట్టిగ పెట్టాల్నా?"

"గట్ల పెడితే పిట్టగోడ అంచు గూడ పోతది. ముందుగాల లెన్స్ సంగతి చూడు."

సుజన చదరంగం గళ్లున్న అట్టను గోడకు అంటించి, ప్రణీత్ వంతెన ఫొటోలు తీసిన కెమెరాతోనే ఎదురుగా, వారగా, కింద నుంచీ మీద నుంచీ ఫొటోలు తీసింది. తిన్నని గళ్లు ఫొటో అంచుల్లో ఎంత వంగాయో చూసి, లెన్స్ ఎక్కడ ఎంత అబద్ధం చెబుతోందో కంప్యూటర్ పట్టేసింది. ఆ వంకర తీసేసి మళ్లీ కట్టించేసరికి పిట్టగోడ దారం లాగి పట్టినట్టు నిలబడింది.

"మస్తొచ్చింది!" అంది సుజన. ఆమెకు కడుపు నిండినట్టయింది.

గడ్డకు కూడా రూపం తేలింది. అది రాయి కాదు. గోడ మీద అటు తిరిగి కూర్చున్న ఒక మగమనిషి, ఆయనకు ఆనుకుని తెరిచిన ఒక గొడుగు.

సుజన ఒక చుక్క మీద నొక్కి, అది ఏ ఫొటోల నుంచి వచ్చిందో తెరిచింది. వేర్వేరు రోజుల ఫొటోలు. మనిషి అతనే, చోటు అదే. ఒక భుజం కిందికి జారి ఉంది. డిపోలో బస్సుల కింద దూరి దూరి అట్లా అయిన భుజం. చిన్నప్పుడు తను ఎక్కి బోనాలు చూసిన భుజం.

బాపు!

పక్కన కూర్చున్న మనిషిని గొడుగు మొత్తం కప్పేసింది. ఒకే ఒక్క ఫొటోలో దాని కింద నుంచి గాజుల చేయి బయటికొచ్చి, బాపు నోటికి మిరపకాయ బజ్జీ అందిస్తోంది.

"ఏమైంది?" అడిగాడు ప్రణీత్.

"ఏం లేదు. ఎవరో కూర్చున్నరు," అంటూ ఆ చుక్కలన్నీ చేత్తో ఏరి తుడిచేసింది. ఇంకొకరి కంటపడితే ఇజ్జత్ పోతుంది.

యాకుత్‌పురాలో వాళ్లది రెండు గదుల ఇల్లు. అన్న సాగర్, వదిన, వాళ్ల పిల్లలు, అమ్మ ఆగమ్మ, బాపు ఎల్లప్ప, తను. ఆడవాళ్లూ పిల్లలూ ఒక గదిలో పడుకుంటే, మగవాళ్లు ఇంకో గదిలో. ఆ సాయంత్రం కూడా టీవీ మోగుతోంది, పిల్లలు కొట్టుకుంటున్నారు. సుజన అన్నం కలుపుతూ అడిగింది.

"బాపూ, దినాం మధ్యాహ్నం యాడికి పోతున్నవ్?"

"రైలు టేషన్ కాడికి బిడ్డా. దోస్తులుంటరు," అన్నాడు ఎల్లప్ప పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

"పోనియ్యి," అంది ఆగమ్మ పప్పు వడ్డిస్తూ. "ఇంట్ల ఉంటే కాళ్లకు అడ్డం. దినాం మా అక్కింటికి పోయి ఆమె మోకాళ్లకు నూనె రాసుడే నాకు సరిపోతున్నది. నడుమ ఈయన లొల్లి ఒకటా?"

ఎల్లప్ప చేయి చాపి, "నీళ్లు," అన్నాడు. ఆమె గ్లాసు పెట్టి వెళ్లిపోయింది. ఇంట్లో వాళ్లిద్దరి మధ్య అంతకన్నా మాటలు నడవడం సుజన చూసి చాలా కాలమైంది.

సుజన పళ్లెం పక్కకు జరిపింది. ఈమధ్య బాపు గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తుంటే, రిటైరైనా హుషారుగా ఉన్నాడని సంబరపడింది. ఆ హుషారు ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. అమ్మకు చెప్పాలా? చెప్తే ఈ ఇల్లు ఏమవుతుంది?

మర్నాడు మోడల్ ఇచ్చేశారు. వంతెన దగ్గర టేపు పట్టి చూసిన కొలతకూ, మోడల్ కొలతకూ వెంట్రుకవాసి తేడా కూడా లేదని ఇంజనీరు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ప్రణీత్ చాయ్ తెప్పించాడు. సుజన దాన్ని సగంలో వదిలేసి పురానాపూల్‌కు ఆటో ఎక్కింది.

ఒడ్డు గోడ మీద ఇద్దరూ అక్కడే ఉన్నారు. బాపు నవ్వుతున్నాడు. ఇంట్లో ఎన్నడూ వినని నవ్వు.

"ఇంక జరసేపు కూసుందాం," అంటున్నాడు గొడుగు వైపు వంగి. "లేస్తే మల్ల ఎవరి దారి వాళ్లదే గదా."

సుజనకు ఒళ్లు మండిపోయింది. దగ్గరికి నడిచి గట్టిగా పిలిచింది.

"బాపూ!"

ఎల్లప్ప అదిరిపడి వెనక్కి తిరిగాడు. చేయి తగిలి గొడుగు పక్కకు ఒరిగింది.

గొడుగు కింద సిగ్గుపడుతూ అమ్మ కూర్చుంది.