హ్యాండ్‌బ్యాగులో పట్టేది

"చేతులు తీసెయ్యండి ఆంటీ. మూత నేను తీస్త" అన్నాడు రామచంద్ర.

అమృతం బిస్కెట్ డబ్బా మీంచి చేతులు తీసి వెనక్కి జరిగింది. కుడి మణికట్టుకు వేసిన కట్టు విప్పి రెండు వారాలే అయింది. నగర శివారులోని పాయింట్ కుక్ నుంచి రెండు బస్సులు మారి ఆ బరువు మోసుకొచ్చేసరికి మళ్లీ సలపడం మొదలెట్టింది.

తుపాకులమ్మే ఆ కొట్లో మన తెలుగతను ఒకడు పనిచేస్తాడని ఆమె చర్చిలో విన్నది. లైసెన్సు లేని ఆయుధం ఏదైనా సరే తెచ్చి అక్కడ అప్పగించొచ్చనీ, ఎక్కడిదని ఎవరూ అడగరనీ కూడా విన్నది. ఆ మాట పట్టుకునే వచ్చింది; లోపలికి రాగానే ఎక్కణ్ణుంచి, ఎలా వచ్చిందో అతనికి చెప్పింది.

రామచంద్ర డబ్బాలోని తువ్వాలు మడతలు విప్పాడు. నల్లటి పిస్టల్. అరచేతికన్నా కొంచెమే పెద్దది, పల్చగా ఉంది. మూతిని గోడవైపు తిప్పి, పిడిలోంచి తూటాలుండే మ్యాగజీన్ లాగేశాడు. తర్వాత పైభాగాన్ని గట్టిగా వెనక్కి గుంజాడు. తూటా ఒకటి ఎగిరిపడి బల్ల మీద దొర్లింది.

అతని మొహం పాలిపోయింది. "లోపల రౌండుంది! దీన్ని ఇట్లనే బస్సుల తెచ్చిండ్రా?"

"నాకేం తెలుసు బాబూ. దిండు కింద ఎలా ఉందో అలాగే తెచ్చాను."

"సార్‌ను తోలుకొని రావాల్సింది గద ఆంటీ."

"ఆయన లేరండి" అంది అమృతం.

రామచంద్ర గొంతు తగ్గించాడు. "అయ్యో, సారీ ఆంటీ. సార్ పేరేంది?"

"జోజయ్య గారు."

"చాన రోజులైందా?"

అమృతం గోడ గడియారం కేసి చూసింది. పన్నెండుంబావు. అతను పిస్టల్ని దీపం కిందికి తెచ్చి వేలితో చూపించాడు.

"అంచులు అరిగి తెల్లబడ్డయ్ చూడండి. అంటే సార్ దీన్ని అంగీ కింద నడుముకు పెట్టుకొని తిరిగిండ్రన్నట్టు. ఈ దేశంల మనలాంటోళ్లకు అది పెద్ద నేరం. సార్‌కు ఎవరితోనన్న పగలున్నయా?"

"బయట ఎవరితోనూ లేవండి. అందరికీ మంచివాడే."

"ఇంకేమన్న ఉన్నయా ఇంట్ల?"

అమృతం హ్యాండ్‌బ్యాగును చంకలోకి నొక్కుకుంది. "ఒక మాట అడగనా బాబూ? ఇలాంటిది కాకుండా, గుళ్లు గుండ్రంగా తిరిగేది ఇంకోటుంటుంది కదా, పొట్టిది. రెండిట్లో ఆడమనిషి దగ్గర పెట్టుకోడానికి ఏది వీలు?"

రామచంద్ర ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరి కోసం?"

"నాకేనండి. ఇంట్లో భయమేస్తోంది."

"అవును, మీ దిక్కు కత్తులు పట్టుకొని ఇండ్లల్ల జొరబడ్తున్నరట గద. ఒక్కరే ఉండేటోళ్లకు భయమే."

ఆమె బ్యాగు పట్టీ భుజం మీదికి లాక్కుంది.

"ఆర్మీల ఇరవై ఏండ్లు ఇవే రిపేర్ చేసిన ఆంటీ. పిస్టల్ పల్చగుంటది, బట్టల కింద కనబడదు, గుండ్లు ఎక్కువ పడతయి. కాని పైభాగం గుంజాలంటే చేతిల బలం ఉండాలె. రివాల్వర్‌కు ఆ బాధ లేదు, వేలు నొక్కితే చాలు. పట్టేది అయిదే. నడుము కాడ ఉబ్బుగ కనబడతది, హ్యాండ్‌బ్యాగుల అయితే పడతది."

ఆ సంగతి అమృతానికి పొద్దున్నే తెలిసింది. బాత్రూం గడియ వేసుకుని, ఇంట్లో దొరికిన రెండు తుపాకులూ చేతిలోకి తీసుకుని చూసింది. పిస్టల్ పైభాగం ఆమె చేతికి వెంట్రుకవాసి కదల్లేదు. పొట్టిది మాత్రం అరచేతిలో కుదురుగా కూర్చుంది. అందుకే పిస్టల్ని డబ్బాలో పెట్టి, పొట్టిదాన్ని జేబురుమాల్లో చుట్టి బ్యాగులో వేసుకుంది. ఒకటి ఇచ్చేసి ఒకటి ఉంచుకుందామని బస్సెక్కేదాకా అనుకుంటూనే ఉంది.

"అయితే రివాల్వరే నయమంటారు."

"ఏదీ నయం కాదంట" అన్నాడతను. "ఒక్క మాట చెప్త ఇనండి. తుపాకి ఎవరన్న దాచుకోనీ, గుంజుకునే కాడికొస్తే బలమున్నోని చేతికే పోతది. మీ చెయ్యి ఒకపారి చూసుకోండి."

అమృతం మణికట్టు కేసి చూసుకుంది. ఆ మాట ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు; ఆ మణికట్టు విరిగింది ఇంట్లోనే. బ్యాగు జిప్పు లాగి, రుమాలు మూట తీసి బల్ల మీద పెట్టింది.

రామచంద్ర రివాల్వర్ని విప్పి అయిదు గుళ్లూ ఒక్కొక్కటిగా బయటికి తీశాడు. "మంచి పని చేసిండ్రు. రసీదు రాసియ్యనా?"

"వద్దండి, కాగితం అసలొద్దు." అడుగు వేయబోయి ఆగింది. "వీటిని ఎవరైనా వచ్చి అడిగితే తిరిగి ఇచ్చేస్తారా? కొన్న మనిషే వచ్చి అడిగినా?"

"ముక్కలు చేసి కరగబెడ్తరు. అయినా ఎవరొస్తరు ఆంటీ, సారే లేకపాయె. ఇగ నిమ్మళంగ పండుకోండి."

ఎండ మండిపోతోంది. మొదటి బస్సు వేళకే వచ్చింది. రెండోది నలభై నిమిషాలు ఆలస్యం. స్టాపులో ఆమె కూర్చోలేకపోయింది. పదిసార్లు లేచి రోడ్డు చివరికి చూసింది. పక్కనున్న తెల్లావిడ ఒంట్లో బావుందా అని అడిగితే తలూపింది.

బస్సు దిగేసరికి మూడు దాటింది. వీధిలో పిల్లలింకా బడి నుంచి రాలేదు. ఖాళీ డబ్బాను పార్కు దగ్గర చెత్తబుట్టలో పడేసింది. ఇంటి ముందుకొచ్చి, కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఇంట్లో ఇప్పుడు గుండున్న వస్తువు ఒక్కటీ లేదు. ఆ సంగతి ఒక్కటే మనసులో మళ్లీ మళ్లీ అనుకుంటూ తాళంచెవి తీసింది.

లోపలి నుంచి జోజయ్య తలుపు తీశాడు.