పగులు మొదలైన చోటు

కోసి తెచ్చిన ఆవిరి పైపు ముక్కను ఇన్‌స్పెక్టరు అల్లుడి కాళ్ల దగ్గర పడేశాడు. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క గచ్చు మీద ఖంగుమని దొర్లింది.

"ఇదీ నీ పనితనం. పైపు పగిలి ఆపరేటరు మొహమంతా బొబ్బలు. ఆస్పత్రిలో వాళ్లావిడ నన్ను పట్టుకుని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

వెల్డరు అల్లుడు ముఖానికున్న తొడుగు తీసి, ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. అతుకు పక్కనే పగులు, వెంట్రుకలా సాగి సాగి, ఓ చోట నోరు తెరిచింది.

"అతుకు బాగానే ఉంది మామయ్యా. పగిలింది పక్కన."

"పక్కనంటే పక్కింట్లోనా? ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే."

"ఎక్స్‌రే తీయించి, పట్టి పట్టి చూసి, పాస్ చేసింది మీరే కదా."

ఆ మాటతో ఇన్‌స్పెక్టరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. నిజమే, ఆ రోజు ఎంత వెతికినా వంక దొరకలేదు. తనను కాదని కూతురు కట్టుకున్నవాడి పనిలో వంక దొరక్కపోవడం ఆయనకు ఇప్పటికీ గొంతులో ముల్లే.

"పద ల్యాబుకి. నీ పెళ్లాం చేతే తేల్పిస్తాను. ఇవాళ్టితో నీ వెల్డింగు ఆఖరు."

ల్యాబులో కూతురు ఇద్దరి మొహాలూ చూసి గ్లౌజులు తొడుక్కుంది. ముక్కను పగులు వెంట విడదీయించి, శుభ్రం చేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది.

"మొగుడు కదా అని వెనకేసుకు రాకు" అన్నాడు తండ్రి.

"ఇక్కడ మొగుడూ లేడు, నాన్నా లేడు. స్టీలుంది. కాసేపు మాట్లాడకు."

కన్ను తీయకుండానే చెప్పసాగింది. "రోజూ నిప్పులా కాగడం, చల్లారడం. కాగి చల్లారినప్పుడల్లా పగులు ఓ గీత ముందుకు జరిగింది. నీళ్లలో అలలు విచ్చుకున్నట్టున్నాయి గీతలు. అవి ఎక్కణ్ణుంచి బయల్దేరాయో చూడాలి."

"ఇంకెక్కణ్ణుంచి, అతుకులోంచే."

"అతుకు చెక్కు చెదరలేదు."

ఇన్‌స్పెక్టరు బల్ల గుద్దాడు. "మొగుడూ పెళ్లాలు కూడబలుక్కున్నారా? అయితే ఈ పాపం ఎవడిది? వాడెవడో చెప్పు, మెడపట్టి గెంటిస్తాను."

అల్లుడు తల వంచుకున్నాడు. కూతురు లేచి తండ్రికి కుర్చీ వదిలింది. ఆయన వంగి చూశాడు. అలలన్నీ ఒకే చోటు నుంచి బయల్దేరాయి. అక్కడ లోహంలోకి లోతుగా దిగిన ఓ గాటు.

"అతుకు పాసైందని పైపు మీద నువ్వు సుత్తితో కొట్టిన ముద్ర అది" అంది కూతురు. "అంత కసిగా కొట్టావేం నాన్నా?"